మంచు టైర్లు

తుడిచినచోటే మళ్ళీ దుమ్ము వచ్చి కూర్చుంటోంది. అయినా బాబ్జాన్ తుడుస్తూనే ఉన్నాడు. ముందు ఇంటి పెద్ద బండి, తర్వాత మామా, అంటే ఇంటి యజమానురాలు, నడిపే నల్లకారు, ఆఖరున గోడవారగా నిలబెట్టిన చిన్న తెల్లకారు. శుక్రవారం కావడంతో కువైట్‌లోని సల్వాలో ఆ వీధి ఇంకా నిద్ర లేవలేదు. ఎండ మాత్రం ముందే లేచింది. గోడ మీద చెయ్యి ఆనిస్తే అప్పుడే చురుక్కుమంటోంది.

యాభై దాటిన మనిషి. పొట్టిగా, భుజాలు ముందుకు వంగి, నిలబడి ఉన్నా స్టీరింగు ముందు కూర్చున్నట్టే ఉంటాడు. ఏళ్ళ తరబడి కారు కిటికీ పక్కన ఎండకు కాలి ఎడమ ముంజేయి కుడిదానికన్నా బాగా నల్లబడింది. రెండు చేతులూ పక్కపక్కన పెడితే ఇద్దరు మనుషులవేమో అనిపిస్తుంది. ఈ మధ్య బకెట్టు ఎత్తితే ఆయాసం వస్తోంది. ఎండ వల్లే అనుకుని, ఎత్తే బకెట్టు సగానికి తగ్గించాడు. అంతే.

పెద్ద బండ్లను పని లెక్కన తుడిచినవాడు, తెల్లకారు దగ్గరికి వచ్చేసరికి గుడ్డ మార్చాడు. లోపలి చాపలు తీసి దులిపాడు. డ్రైవరు పక్క సీటును అరచేత్తో నిమిరి, కుట్టు ఊడినచోట దూదిని లోపలికి నెట్టాడు. తర్వాత ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని టైరు మీద బొటనవేలు రాశాడు. గీత అన్నది తగల్లేదు. గుండులా నున్నగా ఉంది. అరిగిన రబ్బరు అంచున లోపలి తీగ ఒకటి పైకి పొడుచుకొచ్చింది.

తలుపు తెరుచుకుని చిన్న బాబా బయటికి వచ్చాడు. ముప్పయ్యేళ్ళవాడు. తండ్రి పోయాక ఈ ఇంటికి యజమాని అతనే, బాబ్జాన్ ఇఖామాకు, అంటే దేశంలో ఉండే పర్మిట్‌కు, పూచీపడే కఫీల్ అతనే. వచ్చీరాగానే చెప్పుకాలితో ఆ టైరునే తట్టాడు.

"హాదా ఖలాస్, దీని పని అయిపోయింది బాబ్జాన్. ఆదివారం ఫహస్ ఉందిగా. పాస్ అయితే ఉంచుకో. లేకపోతే సక్రాబ్."

సక్రాబ్ అంటే పాత బండ్లను నలగ్గొట్టే చోటు. ఫహస్ అంటే ఏటేటా సర్కారు వాళ్ళు బండిని చూసి, నడపడానికి పనికొస్తుందో లేదో తేల్చే పరీక్ష. బాబ్జాన్ లేచి నిలబడ్డాడు.

"టైర్లు నేను మారుస్తా బాబా."

"నీకెందుకు ఇంత తిప్పలు? పెద్ద బండి ఉందిగా నడపడానికి." చిన్న బాబా నవ్వాడు. అది చెడ్డ నవ్వేమీ కాదు. పాత సామాను చూసి ఎవరైనా నవ్వే నవ్వు. "సాయంత్రం మగ్రిబ్ నమాజు వేళకి మా అమ్మను పిన్ని ఇంటి నుంచి తీసుకురావాలి. ఆలస్యం చెయ్యకు" అని చెప్పి లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ కారు ఏమిటో అతనికి తెలియదు. తెలిసే దారీ లేదు. ఈ ఊళ్ళో బాబ్జాన్‌కు, అతని భార్య అమీర్‌బీకి ఉన్న ఇల్లు అదొక్కటే.

బాబ్జాన్ ముందుగా వచ్చాడు. రాయచోటిలో అద్దె జీపు నడిపినవాడు, జీపు యజమాని దాన్ని అమ్మేసుకుంటే ఇంటి డ్రైవరు వీసా మీద కువైట్ చేరాడు. కొడుకు తౌఫిక్ నడక నేర్చిన ఏడాది అమీర్‌బీ కూడా ఇంటిపని వీసా మీద వచ్చింది. పిల్లవాణ్ని ఆమె అక్క దగ్గర వదిలారు. ఇద్దరూ ఒకే దేశంలో ఉంటే చాలదా, ఏదోలా కలిసి బతకమా అనుకున్నారు. కానీ ఆమెకు పని దొరికింది దూరాన ఎగైలాలో. ఈ ఇంట్లో డ్రైవరు గదిలోకి ఆడమనిషి రాకూడదు. ఆ ఇంటి గేటు లోపలికి మగమనిషి పోకూడదు. మొదటి రెండేళ్ళు గేటు కమ్మీల సందున మాట్లాడుకున్నారు. తర్వాత ఆమె పనిచేసే ఇంటి మామా దయతలచి శుక్రవారం మధ్యాహ్నాలు వదిలేది. సముద్రం ఒడ్డున బెంచీ మీద కూర్చుంటే పోలీసులు వచ్చి, "ఈమె ఎవరు? కాగితం చూపించు" అనేవారు. బాబ్జాన్ జేబులోంచి నిఖానామా నకలు తీసి చూపించేవాడు. వాళ్ళు వెళ్ళాక అమీర్‌బీ చాలాసేపు ముసుగు సర్దుకుంటూ ఉండిపోయేది. ఏ తప్పూ చెయ్యకపోయినా దొరికిపోయినట్టు ఉండేది ఇద్దరికీ.

ముసలి పెద్ద బాబా బతికున్నప్పుడు ఒకనాడు, కూరగాయలకు వాడే ఈ కారు తాళంచెవి బాబ్జాన్ చేతిలో పెట్టి, "జుమ్మా రోజు నీ ఇష్టం" అన్నాడు. ఆనాటి నుంచి వాళ్ళకు నాలుగు తలుపుల కొంప ఒకటి ఏర్పడింది. కొడుకు పదో తరగతి పాసయిన మాట ఆ కారులోనే విన్నారు. ఆ కొడుకే ఫోన్‌లో పెద్దమ్మను "అమ్మా" అని, కన్నతల్లిని "కువైటమ్మా" అని పిలిస్తే అమీర్‌బీ ఏడ్చిందీ ఆ కారులోనే. జగడాలు, అలకలు, ఒకరి భుజం మీద ఒకరు తల ఆనించి కునుకు తీయడం, అన్నీ అందులోనే.

ఆ కారే పోతే?

జుమ్మా నమాజు అయీ కాగానే బాబ్జాన్ ఖైతాన్‌కు బయల్దేరాడు.

అక్కడ పాత మిద్దెల మధ్య సందులో అల్లాబకష్ పనిచేసే టైర్ల షాపు ఉంది. అల్లాబకష్‌ది కూడా రాయచోటి వైపే. ఇతనికన్నా పెద్దవాడు. అరచేతులు, గోళ్ళు, ముక్కు పక్క ముడతలు కూడా టైరు నలుపుతో నిండి ఉంటాయి. షాపు ముందు రేకుల నీడలో మంచినీళ్ళ సీసా తలమీద కుమ్మరించుకుంటూ, తెల్లకారును చూడగానే తల అడ్డంగా ఊపాడు.

"ఈ సైజు యాడ తెచ్చేది అబ్బీ? అందరివీ ఏనుగుల మాదిరి బండ్లయిపాయ. నీ గుర్రప్పిల్లకి టైరు చేసేవాడే లేడు."

"పాతవైనా చాలన్నా. ఆదివారం ఫహస్ ఉండాది."

"వచ్చే వారం కొత్త సరుకొస్తాది. దాంట్లో దొరకొచ్చు."

"వచ్చే వారానికి బండి సక్రాబ్‌లో ఉంటాది."

అల్లాబకష్ అతన్ని షాపు వెనక్కి తీసుకుపోయాడు. గోడంత ఎత్తున పేర్చిన పాత టైర్ల కుప్ప. వేడికి రబ్బరు వాసన గొంతులో దిగుతోంది. ఇద్దరూ ఒక్కొక్కటే లాగుతూ, దొర్లిస్తూ, వంగి సైజు చదువుతూ వెతికారు. చాలాసేపటికి రెండు జతలు తేలాయి. మొదటి జత రాయిలా గట్టిపడి, పక్కలంతా ఎండిన మడిలాగా నెర్రెలు విచ్చి ఉంది. ఫహస్ అధికారి కంట పడితే చాలు, బండి అక్కడే ఆగిపోతుంది. రెండో జతను చూసి బాబ్జాన్ మొహం వికసించింది. నిన్న మొన్న చేసినట్టున్నాయి. లోతైన గాడులు, గాడుల మధ్య బ్లేడుతో కోసినంత సన్నని చీలికలు. వేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోయింది. పక్కన కొండ బొమ్మ, ఆ కొండ లోపల ఒక పువ్వు.

"ఇదేం పువ్వన్నా?"

"పువ్వు కాదబ్బీ, మంచు. ఇవి మంచు టైర్లు. ఏదో చలి దేశంలో వాడి పారేసినవి, ఈ కుప్పలో కలిసొచ్చినాయి." అల్లాబకష్ ఆ టైరును కాలితో వెనక్కి నెట్టాడు. "మంచులో జారకుండా మెత్తటి రబ్బరుతో చేస్తారు. ఈ ఎండలో తారు మీద పోతే మైనం మాదిరి అయిపోతాది. నేనియ్యను."

"ఫహస్‌లో పాసవుతాదా, కాదా?"

"చూసేది గాడులే కదా. పాసయితే కావచ్చు. తర్వాత?"

"తర్వాత సంగతి తర్వాత. నువ్వు వచ్చేవారం మంచివి ఎయ్యి. అంతవరకే అన్నా."

"వద్దు బాబ్జానూ. ఇది నా చేతులతో చేసే పని కాదు."

బాబ్జాన్ నెర్రెల జతను చూశాడు. మంచు జతను చూశాడు. రెండింటి మధ్య మోకాళ్ళ మీద కూర్చుండిపోయాడు. మొదటిది ఇల్లు తీసేదే, రెండోది దారిలో ప్రాణం తీసేదే కావచ్చు. ఎంచుకోవడానికి అంతకుమించి ఏమీ లేదు. కాసేపటికి తలెత్తాడు.

"అన్నా, నీకు ఖైతాన్‌లో రూముండాది. పదిమంది ఉన్నా అది రూమే. ఏడిస్తే మూలకు తిరిగి ఏడుస్తావు. మేము మొగుడూ పెండ్లాం ఏడ్చేదానికి కూడా ఈ బండి తప్ప చోటు లేదన్నా."

అల్లాబకష్ కుప్ప వైపు తిరిగాడు. మంచు టైర్లను దొర్లించుకుంటూ ముందుకు నడిచాడు. వెనక చక్రాలవి కొంచెం నయంగా ఉంటే వాటిని ముందుకు మార్చి, వెనక్కి మంచు టైర్లు ఎక్కించాడు. ముందువాటిలో తీగ తేలనిదాన్ని స్టెప్నీగా డిక్కీలో వేశాడు. అంతా అయ్యాక కిటికీలోంచి తల లోపలికి పెట్టి చెప్పాడు.

"ఈ పొద్దు ఎగైలాకి పోవద్దు. పగటిపూట పెద్ద రోడ్డెక్కద్దు. చిన్న రోడ్ల మీద మెల్లగా పోయి ఇంటికాడ నిలబెట్టు. వింటాండావా?"

"సరేన్నా" అన్నాడు బాబ్జాన్.

మొన్న అమీర్‌బీ ఫోన్ చేసి, "శుక్రవారం ఎట్లయినా రా, మానద్దు" అంది. ఎప్పుడూ అలా అనే మనిషి కాదు. బాబ్జాన్ సందు చివర ఒక్క క్షణం ఆగి, ఎగైలా దారి పట్టాడు.

పోయేటప్పుడు భయం భయంగానే పోయాడు. కుడివైపు అంచునే, లారీల వెనక, హారన్లు మోగినా పట్టించుకోకుండా. వెనక నుంచి తుమ్మెద రొదలా ఒక శబ్దం. ఏమీ కాలేదు. ఎగైలా చేరేసరికి చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

అమీర్‌బీ గేటు పక్క సందులో నిలబడి ఉంది. సన్నటి మనిషి, నల్ల అబాయాలో ఇంకా సన్నగా కనబడుతుంది. తను చూసుకునే ఆ ఇంటి ముసలామెను ఎత్తి దించీ ఎత్తి దించీ నడుము ఒకవైపుకు వాలింది. బండెక్కి, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, తలుపు మెల్లగా వేసుకుంది. ఇంటి తలుపు వేసుకున్నంత నిదానంగా.

"బండి మెత్తగా పోతాందే ఈ పొద్దు" అంది కొంచెం దూరం పోయాక.

"టైర్లు మార్చినా."

"మంచివేనా?"

"శానా మంచివి."

మాల్ కింద కార్లు నిలిపే చోటు వాళ్ళకు అలవాటు. నీడ ఉంటుంది, అడిగేవాళ్ళు ఉండరు. పైన జనం చల్లగా తిరుగుతుంటే కింద స్తంభం పక్కన, ఒక మూలన ఈ తెల్లకారు ఆగుతుంది. అమీర్‌బీ సంచిలోంచి ఖుబూస్ రొట్టెలు, చెనిక్కాయల ఊరిబిండి డబ్బా తీసింది. ఇద్దరూ దూదేకులే, వాళ్ళ ఇళ్ళ మాట తెలుగే కాబట్టి ఆ కారులో వాళ్ళు మాట్లాడుకునేదీ తెలుగే. మిగతా వారమంతా నోటికి తోచిన అరబీ, హిందీ. శుక్రవారమే నాలుక దాని చోటికి అది వచ్చి పడుకుంటుంది.

ఆమె రొట్టె తుంచి ఇస్తూ పోయింది గానీ తను తినలేదు.

"ఏమే, ఏమైంది?"

"ఏమీ లేదు. తిను."

"ఫోన్‌లో అట్ల మాట్లాడినావు."

"నిన్ను చూడాలనిపించింది. అనిపించకూడదా?" అంది. ఆమె అతని ఎడమ చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుని, నల్లబడిన చర్మం మీద కొబ్బరినూనె రాసింది. వేళ్ళ సందుల్లో కూడా రాసింది. తౌఫిక్‌కు బెంగుళూరులో పని కుదిరిన సంగతి మళ్ళీ ఇంకోసారి చెప్పుకున్నారు. తర్వాత ఇద్దరూ సీట్లు వెనక్కి వాల్చి కళ్ళు మూసుకున్నారు. బాబ్జాన్ నిజంగానే నిద్రపోయాడు. ఆమె నిద్రపోలేదు.

తిరిగి గేటు దగ్గర ఆపినప్పుడు ఆమె తలుపు పిడి మీద చెయ్యి వేసి, దిగకుండా కూర్చుంది.

"వచ్చే శుక్రవారం రావద్దయ్యా."

"పనుందా?"

"ముసలామె ఇంకసలు లేవలేకుండా అయింది. పక్కనే ఉండాలంట. మామా చెప్పింది, ఇంక ఆఫ్ లేదు అని."

"ఆ పై వారం?"

అమీర్‌బీ తల అడ్డంగా ఊపింది. "ఆయమ్మ ఉన్నంతవరకు లేదంట. రెండేండ్లో, మూడేండ్లో. నేను ఆయమ్మ నోట్లో ముద్ద పెడతాండా, ఒళ్ళు కడగతాండా. ఆయమ్మ పోతే బాగుండు అని ఎట్ల అనుకునేది చెప్పు? రాత్రి ఒక తూరి అనుకున్నా. అనుకుని లేచి ఆయమ్మ కాళ్ళు పట్టుకున్నా. ఏందోలే అని నా తల నిమిరింది."

బాబ్జాన్ స్టీరింగును రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు. పొద్దున్నుంచి తను పడిన తిప్పలన్నీ ఈ గేటు దగ్గర నీళ్ళలా ఇంకిపోయాయి. చెబుదామనుకున్నాడు. ఆమె మొహం చూసి మానుకున్నాడు.

"చెత్త పారేసేదానికి గేటు బయటికి వస్తావు కదా" అన్నాడు.

"వస్తా."

"ఆ యాలకు బండి ఆడ, ఆ మలుపులో పెట్టుకుని ఉంటా. నువ్వు చెత్త ఏసి పో. అంతే. చూసుకుంటే చాలు."

ఆమె నవ్వబోయింది. రాలేదు. దిగి, ముసుగు సర్దుకుని, వెనక్కి చూడకుండా నడిచి గేటు లోపలికి పోయింది. బాబ్జాన్ ఆ గేటు వైపు చూస్తూ ఉండిపోయాడు. ఫోను మోగేదాకా వేళ ఎంతయిందో తెలియలేదు.

"వేన్ ఇంత, బాబ్జాన్? ఎక్కడున్నావు?" చిన్న బాబా. "అమ్మ తయారై కూర్చుంది."

"వస్తున్నా, బాబా. వస్తున్నా."

మళ్ళీ కుడి అంచున లారీల వెనక పోవడానికి వ్యవధి లేదు. ఫహాహీల్ పెద్ద రోడ్డెక్కి కాలు నొక్కాడు. పొద్దు వాలుతోంది గానీ, పగలంతా కాగిన తారు పొయ్యి మీది పెనంలా ఉంది. తుమ్మెద రొద పెద్దదైంది. తర్వాత మాడు వాసన. తర్వాత వెనక ఎవరో గుద్దుతున్నట్టు దబదబమన్న చప్పుడు, బండి తోక అటూ ఇటూ ఈదడం మొదలుపెట్టింది. బాబ్జాన్ బ్రేకు మీద కాలు పెట్టలేదు. స్టీరింగును కదలనివ్వకుండా పట్టి, వేగం దానంతటదే చావనిచ్చి, రోడ్డు పక్క ఇసుకలోకి దించి ఆపాడు.

దిగి చూశాడు. ఎడమవైపు వెనక టైరు మీది రబ్బరు పొట్టు వలిచినట్టు ఊడి, ఇనుప అంచుకు పేలికలుగా వేలాడుతోంది. ఇంకా పొగ వస్తోంది.

ఫోను మళ్ళీ మోగింది.

"టైర్ ఖలాస్, బాబా. మార్చుకుని వచ్చేస్తా."

"యల్లా, యల్లా. తొందరగా."

డిక్కీలోంచి జాకీ, పానా తీశాడు. జాకీ ఇసుకలో దిగబడుతుంటే కింద చెక్కముక్క ఒకటి పెట్టి బండిని లేపాడు. బోల్టులు నిప్పుకణికల్లా ఉన్నాయి. గుడ్డ చుట్టి, పానా మీద ఒళ్ళంతా ఆనించి ఒక్కొక్కటే విప్పాడు. ఆఖరిది ఎంతకూ కదల్లేదు. కాలితో తొక్కాడు. కదిలింది. చక్రం ఊడదీసి పక్కన పడేసేసరికి ఎడమ చెయ్యి భుజం దాకా తిమ్మిరెక్కి బరువైపోయింది. అరచెయ్యి విప్పబోతే విప్పుకోలేదు. రొమ్ము మీద ఎవరో మోకాలు పెట్టినట్టుంది.

స్టెప్నీ ఎత్తే ముందు ఒక్క నిమిషం కూర్చుందామనుకున్నాడు. రోడ్డుకు ఎడంగా, ఇసుక వైపు, కారు నీడలో, అమీర్‌బీ కూర్చునే తలుపుకు వీపు ఆనించి కూలబడ్డాడు. దూరంగా మసీదు నుంచి మగ్రిబ్ అజాన్ మొదలైంది. పక్కన బండ్లు రివ్వుమని పోతున్నాయి. ఒక నిమిషమే, లేస్తా, అనుకున్నాడు. అజాన్ పూర్తి కాకముందే తల భుజం మీదికి వాలింది.

పోయేవాళ్ళు బండి చాటున చాపిన కాళ్ళు చూసి, డ్రైవరెవరో అలసి కునుకు తీస్తున్నాడనుకున్నారు. పోలీసు బండి ఆగి, ఒక కుర్ర పోలీసు వంగి భుజం తట్టేసరికి చీకటి పడుతోంది. జేబులో ఫోను మోగుతూనే ఉంది. కాసేపు చిన్న బాబా, కాసేపు అమీర్‌బీ, ఇల్లు చేరావా అని అడగడానికి.

చిన్న బాబా ఆసుపత్రికి వచ్చాడు. శవపేటిక మూసేదాకా కాగితాల పనంతా తానే దగ్గరుండి చూసుకున్నాడు. గోడకు తల ఆనించి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. తనకు నడక రానప్పటి నుంచి ఎత్తుకుని తిప్పిన మనిషి అని అక్కడున్నవాళ్ళకు చెప్పాడు. స్నానం చేయించినవాళ్ళలో అల్లాబకష్ ఉన్నాడు. బయటికి వచ్చి అమీర్‌బీ ఎదుట నిలబడి, "చెల్లీ, ఆ టైర్లు" అని మొదలుపెట్టి ముందుకు పోలేకపోయాడు. ఆమె ఆ మాట విన్నదో లేదో. తలుపు వైపే చూస్తూ కూర్చుంది.

ఆమె మామా సెలవిచ్చింది. భర్తతో పాటు ఊరికి పోయి రమ్మని, ఎన్నాళ్ళయినా ఉండి రమ్మని. విమానంలో ఆయన కింద సామాన్ల గదిలో, ఆమె పైన సీట్లో. పక్క సీటు ఖాళీగా ఉంది. ఇన్నేళ్ళలో ఇద్దరూ కలిసి ఊరికి పోవడం అదే మొదలు.

తెల్లకారును ఆ రాత్రే క్రేను బండి వచ్చి పట్టీలు వేసి పైకి లేపుకుని పోయింది. ఊడిన చక్రాన్ని, స్టెప్నీని అందులోనే విసిరేశారు. జాకీని ఎవరూ చూడలేదు. ఫహాహీల్ రోడ్డు పక్క ఇసుకలో, చెక్కముక్క మీద, తిప్పే కడ్డీ ఇంకా రంధ్రంలో ఉండగానే, ఎత్తినది ఎత్తినట్టే నిలబడి ఉంది.